రెండు ఫిరంగుల కోట

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. శనగ చేల నల్లరేగడి వెనకబడగానే ఎర్రరాళ్ల గుట్టలు మొదలవుతాయి. రోడ్డు మెల్లగా ఎక్కుతుంది. ఎక్కుతున్నామన్న సంగతి కూడా సరిగా తెలియదు. అందుకే మొదటిసారి వచ్చినవాళ్లకు ఇది కొండ మీది కోట అన్న ఊహ రాదు. బురుజులు దాటి, వాకిలి దాటి, ఇళ్ల మధ్య సందుల్లో నడిచి, గుళ్లు దాటి ఇంకా ముందుకు పోతే, ఒకచోట కాళ్ల ముందర నేల ఉండదు. మూడు వందల అడుగుల కింద పెన్న కనిపిస్తుంది. అప్పుడు గాని గండికోట అన్న పేరు బోధపడదు. నది కొండకు గండి కొట్టింది, ఆ గండి ఒడ్డున మనుషులు కోట కట్టుకున్నారు.

నేను వెళ్లింది మాఘమాసంలో ఒక మధ్యాహ్నం. వచ్చినవాళ్లంతా లోయ వైపు పోతున్నారు. నేను వాకిలి దగ్గరే ఆగిపోయాను. నేను చూడాలని వచ్చింది దాన్నే.

పెద్ద చెక్క తలుపులు. చెక్క కనపడకుండా ఇనుప రేకులు తాపడం చేసి, వాటి మీద వరసగా మేకులు దిగ్గొట్టారు. శత్రువుల ఏనుగు నుదురు ఆనించి నెట్టకుండా చేసిన ఏర్పాటది. ఒక మేకు మొన మీద బొటనవేలు పెట్టి చూశాను. అరిగి మొద్దుబారింది గాని, గట్టిగా అదిమితే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. రేకు అంచున తుప్పు పొరలు పొరలుగా లేచింది. వేలికి ఎర్రటి పొడి అంటింది. ఆ పొడి చాలాసేపు పోలేదు.

లోపలి వైపు గోడ నీడలో ఒక అవ్వ చేటలో కందులు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపింది.

"యాడ నుంచి నాయనా?"

"ప్రొద్దుటూరు నుంచి అవ్వా."

"అందురూ లోయకాడికి పోతాంటే నువ్వేంది తలుపుకాడ నిలబడుకున్నావు?"

"ఈ కోట ఎట్ల పడిపోయిందో చూద్దామని అవ్వా."

"సూసేదానికేముంది నాయనా. లింగన్న ఇచ్చేసినాడు. లేకుంటే దీన్ని కొట్టేటోడు పుట్టినాడా?"

మళ్లీ చేట ఆడింది. మూడు వందల డెబ్బై ఏళ్ల కిందటి సంగతిని నిన్న పక్కింట్లో జరిగినట్టు చెప్పింది. ఆ గొంతులో కోపం ఇంకా ఆరలేదు.

ఆమె అన్నదాంట్లో రెండో మాట ముందు చూద్దాం. దీన్ని కొట్టడం నిజంగానే అసాధ్యం అనిపిస్తుంది. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్, కర్ణాటక రాజ్యంలోని మహా బలమైన కోటల్లో ఇదొకటని రాసుకున్నాడు. ఆయన ఎక్కివచ్చిన దారి ఇప్పటి తారు రోడ్డు కాదు. కొన్నిచోట్ల ఇరవై, ఇరవై అయిదు అడుగుల వెడల్పు, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే. పక్కనే చూస్తే కళ్లు తిరిగే అగాధం, దాని అడుగున నది. పైకి చేరాక చిన్న మైదానం, ఊటల నీటితో పారే వరి, చిరుధాన్యాల పొలాలు. ఊరు కొండ కొసన ఉంది. చుట్టూ లోయలు. మైదానం వైపు ఒక్కటే వాకిలి. ఆ వాకిలికి చెక్కిన రాతితో మూడు వరసల గోడలు, వాటి ముందర అదే రాయి పరిచిన కందకాలు. ముట్టడి వచ్చినా లోపలివాళ్లు కాపు కాయాల్సింది నాలుగైదు వందల అడుగుల మేర నేలే. ఇక్కడ అడుగంటే కొలత అడుగు కాదు, నడిచే మనిషి వేసే అడుగు.

ఈ లెక్క ఒక్కసారి మనసులో వేసుకోండి. కోట చుట్టుకొలత అయిదు మైళ్లు, బురుజులు నూటొకటి అని చెబుతారు. అందులో పెద్ద భాగాన్ని పెన్న, కొండవాలు కాపాడతాయి. మనిషి నిలబడి కాపాడవలసింది ఆ కాస్త మేరే. కట్టినవాళ్ల తెలివి గొప్పది. గోడ ఎక్కడ కావాలో, ఎక్కడ అక్కర్లేదో వాళ్లు కొండనడిగి తెలుసుకున్నారు.

తిండికీ నీళ్లకూ లోటు రాకుండా చూసుకున్నారు. ధాన్యాగారం ఇప్పటికీ నిలబడే ఉంది. లోపలికి అడుగుపెడితే ఎండాకాలంలో కూడా వెన్ను చల్లబడుతుంది. మందపాటి గోడలు, పైన కమాను కప్పు. గింజకు చెమ్మ తగలకుండా, ఎలుక దూరకుండా, నిప్పు అంటకుండా కట్టిన ఇల్లు. నేను లోపల నిలబడి దగ్గితే ఆ దగ్గు కప్పు కింద తిరిగి తిరిగి వచ్చింది. గబ్బిలాల కంపు తప్ప ఇంకేమీ లేదు. ఒకప్పుడు ఇక్కడ జొన్న రాశి కప్పు దాకా ఉండేది కదా అనుకున్నాను. దగ్గర్లోనే రాయలచెరువు, కోనేళ్లు. ఏడాది పాటు వాకిలి మూసుకు కూర్చున్నా కడుపు మాడదు, నోరు ఎండదు. ఇలాంటి కోట ఎలా పడింది?

కోట పుట్టుక గురించి పాత ఊరి చరిత్ర కైఫియత్తు చెప్పే ఏడాది 1123. కల్యాణి చాళుక్యుల సామంతుడు కాకరాజు మొదట కట్టించాడంటారు. గండికోటకు గండికోట అన్న ఠీవి వచ్చింది మాత్రం విజయనగర కాలంలో, పెమ్మసాని నాయకుల చేతిలో. పెమ్మసాని రామలింగనాయుడు కృష్ణదేవరాయల సేనలో పేరుమోసిన దళవాయి. ఈ సీమంతా వాళ్ల పాలన కింద ఉండేది. మాధవరాయ స్వామి గుడి గోపురం చూడండి. నాలుగు అంతస్తులు, కోటలో ఏ మూల నిలబడినా కనపడుతుంది. రాయలు దిగ్విజయాలు చేస్తున్నప్పుడు ఈ కొండ కొసన రాతిని పూలదండలా చెక్కారు. రంగనాథ స్వామి గుడి అంతకన్నా పాతది. అప్పట్లో ఈ కోటకు కావలి కాసేవాడు ఒంటరి కాడు. వెనక హంపి ఉంది, పెనుగొండ ఉంది, చంద్రగిరి ఉంది. గండికోట మీదికి ఎవడైనా వస్తే వాడి మీదికి ఒక సామ్రాజ్యం కదులుతుంది. వెంకటపతిరాయల కాలంలో గోల్కొండ సేనలు ఒకసారి ఈ కోటను పట్టుకున్నాయి. రాయలు తిరిగి తీసుకున్నాడు. అలా తీసుకోగలిగిన చెయ్యి అప్పటికింకా ఉంది.

ఆ చెయ్యి తర్వాత తెగింది. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో తగిలిన దెబ్బకు తెగలేదు. దాన్ని తట్టుకుని ఇంకో ఎనభై ఏళ్లు సామ్రాజ్యం బతికింది. తెగింది ఇంటిపోరుతో. 1614లో శ్రీరంగరాయలి కుటుంబాన్నే నరికి చంపారు. ఆ నెత్తురు మీద తోపూరు యుద్ధం జరిగింది. 1642లో మూడో శ్రీరంగరాయలు పట్టాభిషిక్తుడయ్యేనాటికి మధుర, తంజావూరు, జింజి నాయకులు ఎవరికి వారే రాజులు. గోల్కొండ, బీజాపూరు సుల్తానులు ఉత్తరం నుంచి దిగి వస్తుంటే ఈ నాయకులు తమ రాయలి మీదే కత్తి దూశారు. ఆ రాజు చేసిన తప్పులు చరిత్రకారులు చాలా చెబుతారు. నాకు మాత్రం ఆయన పేరు వింటే జాలే కలుగుతుంది. వేలూరు పోయాక ఆశ్రయం కోసం ఒక కొలువు నుంచి ఇంకో కొలువుకు తిరిగినవాడు, సామ్రాజ్యాన్ని ఏలిన చివరి రాయలు.

ఇక వచ్చినవాడి సంగతి. మీర్ మహమ్మద్ సయ్యద్, ఇరాన్‌లో ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్ వాడు. నూనె అమ్ముకునేవాడి కొడుకు. వర్తకుల వెంట గోల్కొండ చేరి, వజ్రాల బేరం నేర్చి, మచిలీపట్నం హవల్దారై, చివరికి అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మీర్ జుమ్లా అనే పెద్ద పదవికెక్కాడు. ఓడలు, గనులు, సొంత సేన, అన్నీ సంపాదించాడు. పగవాడే అయినా అతని సామర్థ్యాన్ని కాదనలేం. టావెర్నియర్ అతన్ని ఈ గండికోటలోనే చూశాడు. వట్టి కాళ్లతో కూర్చుని, కాలి వేళ్ల సందుల్లో కొన్ని చీటీలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో కొన్ని చీటీలు ఇరికించుకుని, ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కొక్కటే లాగి జవాబులు చెప్పి రాయిస్తున్నాడట. గోల్కొండ సుల్తాను విలువైన రత్నాలు కొనాలంటే ముందు ఇతను చూడాలి. అందుకే ఆ ఫ్రెంచి వ్యాపారి ముత్యాలు మూట కట్టుకుని ఈ కొండెక్కాడు. మాటల మధ్య ఈ మీర్ జుమ్లా నవాబు వజ్రాల సంచులు తెప్పించి చూపించాడు. అన్నీ చిన్నవి, నీడలు తేలినవి. ఇలాంటివి మీ దేశంలో అమ్ముడుపోతాయా అని అడిగాడు.

కొలువులో అలా కూర్చున్న మనిషి మన సీమను ఒక్కో కోటగా విప్పుకుంటూ వచ్చాడు. 1646లో ఉదయగిరి. ఆ తర్వాత చంద్రగిరి, తిరుపతి. 1647లో వేలూరు. సామ్రాజ్యం పేరు చెప్పుకునే పెద్ద కోటలన్నీ పోయాక, 1650 ప్రాంతంలో గండికోట వంతు వచ్చింది. అప్పుడు కోటకు అధిపతి పెమ్మసాని చినతిమ్మానాయుడు. ఆయన బురుజెక్కి ఏ దిక్కు చూసినా సాయం వచ్చే దిక్కు ఒక్కటీ లేదు.

ముట్టడి నెలల తరబడి సాగింది. మూడు నెలలని టావెర్నియర్ విన్నాడు. ఆయన రాసినదాంట్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలచివేసింది ఒక చిన్న వివరం. నూటొకటి బురుజుల కోటలో ఉన్న ఫిరంగులు రెండు. రెండే. రెండూ ఇనుపవి. ఒకటి పన్నెండు పౌన్ల గుండు పేల్చేది, ఇంకొకటి ఏడెనిమిది పౌన్లది. పెద్దది వాకిలి మీద, చిన్నది ఒక బురుజు కొస మీద. అంతే.

మూడు వరసల రాతి గోడలు, చెక్కిన కందకాలు, ఏడాదికి సరిపడా గింజ, ఎండని కోనేళ్లు, మూడు వందల అడుగుల లోయ, వీటన్నిటి పక్కన రెండు ఫిరంగులు. ఆ కోటను కట్టినవాళ్ల లెక్కలో శత్రువు నిచ్చెనలతో వస్తాడు, ఏనుగులతో వస్తాడు, ఆకలితో చంపాలని చూస్తాడు. వాటన్నిటికీ వాళ్ల దగ్గర జవాబుంది. దూరాన ఎదుటి మిట్ట మీద నిలబడి రాతిని పిండి చేసే శత్రువు వాళ్ల లెక్కలోకి రాలేదు. వచ్చేసరికి వెనకాల డబ్బు లేదు, ఫిరంగులు పోత పోయించి పంపే రాజధాని లేదు.

మొదట మీర్ జుమ్లాకూ సాగలేదు. ఎత్తు మీదికి ఫిరంగులు చేర్చనిదే కోట లొంగదని అతనికి అర్థమైంది. ఆ దారిలో ఫిరంగి ఎక్కించడమెలా? అప్పుడు గోల్కొండ కొలువులో గోలందాజులుగా పనిచేస్తున్న ఫరంగీలను పిలిపించాడు. ఓడల మీద వచ్చి, ఎవరు జీతమిస్తే వారికి గుండు పేల్చే పరదేశులు వాళ్లు. ఎలాగైనా ఫిరంగులు పైకి చేర్చండి, మామూలు జీతం కాక నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానన్నాడు. వాళ్లు నాలుగు ఫిరంగులు ఎక్కించారు.

ఆ ఎక్కించిన రోజుల్ని నేను ఊహించుకుంటాను. ఏడెనిమిది అడుగుల బాట. ఒక పక్క కొండ, ఒక పక్క అగాధం. మోకులు బిగిసి, మనుషులు అరుస్తూ, ఇనుము రాతి మీద గీసుకుంటూ ఒక్కో జానెడు పైకి. కోట మీద కావలి కాసేవాడికి ఆ చప్పుడు వినిపించకుండా ఉంటుందా? విని ఏం చేస్తాడు? అతని దగ్గరున్నవి రెండు.

పైకి చేరిన ఫిరంగులు మొదట వాకిలి మీది పెద్ద ఫిరంగినే కొట్టాయి. అది పనికిరాకుండా పోయింది. తర్వాత వాకిలిని కొట్టాయి. వాకిలి సగం కూలాక లోపలివాళ్లు షరతులు మాట్లాడుకుని కోట అప్పగించారు. ఇదీ టావెర్నియర్ విన్న కథ. ఈ కథలో మంత్రి లేడు, విషం లేదు.

ఊరి కథలో ఉన్నాయి. సీమలో తరతరాలుగా చెప్పుకునేది ఇది. కోట లొంగదని తెలిసి మీర్ జుమ్లా మంత్రి పొదిలి లింగన్నకు ఆశ చూపించాడు. లింగన్న తిమ్మానాయుడికి విషం పెట్టించాడు. నాయుడి చెల్లెలు గోవిందమ్మ కత్తి పట్టి గుర్రమెక్కి పోరులో ఒరిగింది. అంతఃపుర స్త్రీలు నిప్పుల్లో దూకారు. నాయుడి పసివాడు పిన్నయ్యను నమ్మినవాళ్లు చీకట్లో దాటించారు. చివరికి లింగన్నకూ ఆ నవాబు చేతిలో దిక్కులేని చావే దక్కింది. కత్తుల కోనేటిలో నీళ్లు ఎర్రబడింది ఆనాడు కడిగిన కత్తుల నెత్తురుతోనని పిల్లలకు చెబుతారు.

ఈ రెండు కథల్లో ఏది నిజమని అడిగితే, ఒకటి నిజమైతే ఇంకొకటి అబద్ధం కానక్కర్లేదంటాను. అప్పగించడానికి షరతులు ఎవరో ఒకరు మాట్లాడి ఉంటారు. మాట్లాడినవాడు మిగిలినవాళ్ల కంటికి ద్రోహి అయి ఉంటాడు. అయినా నాకు ఒక బాధ ఉంది. లింగన్న ఒక్కడి మీద మొత్తం నేరం మోపితే మనకు మనసు తేలికపడుతుంది. కోట గొప్పది, రాజు గొప్పవాడు, జనం గొప్పవాళ్లు, ఒక్కడే చెడ్డవాడు. మరి ఉదయగిరికి సాయం ఎవరు పోయారు? వేలూరు మీద గోల్కొండ, బీజాపూరు సేనలు మూగినప్పుడు మధుర ఎక్కడుంది, తంజావూరు ఎక్కడుంది? రక్కసి తంగడి నుంచి గండికోట దాకా ఎనభై అయిదేళ్లు. అన్నేళ్లలో ఈ వాకిలి మీదికి మూడో ఫిరంగి ఎందుకు రాలేదు? వీటికి లింగన్న జవాబు చెప్పలేడు. సామ్రాజ్యాన్ని చాలామంది చాలా ఏళ్లపాటు అప్పగిస్తూ వచ్చారు. చివరి వాకిలి దగ్గర నిలబడి ఉన్నవాడి పేరు మాత్రమే మనకు గుర్తుండిపోయింది.

కోట పడిన తర్వాత జరిగింది కోట పడినదానికన్నా దుఃఖం.

నవాబుకు ఫిరంగుల విలువ ఇక్కడే మళ్లీ తెలిసొచ్చింది. ఈ కోటలోనే ఇరవై ఫిరంగులు పోత పోయించాలనుకున్నాడు. పది నలభై ఎనిమిది పౌన్ల గుండువి, పది ఇరవై నాలుగు పౌన్లవి. పోత పోసేవాడు దొరికాడు, ఫ్రాన్సులోని బూర్జ్ ఊరివాడు క్లోద్ మాయ్. కావలసింది రాగి. రాగి ఎక్కడ దొరుకుతుంది? గుళ్లలో.

చుట్టుపక్కల గుళ్ల నుంచి రాగి విగ్రహాలు తెప్పించారు. గండికోట గుడి ఇండియాలోకెల్లా అందమైన వాటిలో ఒకటని, అందులో బంగారు, వెండి విగ్రహాలు కూడా ఉండేవని టావెర్నియర్ రాశాడు. రాగివాటిలో ఆరు పెద్ద విగ్రహాలు. మూడు మడమల మీద కూర్చున్నట్టు, మూడు పదేసి అడుగుల ఎత్తున నిలబడినట్టు ఉన్నాయి. ఊరూరి ఉత్సవమూర్తులు ఎద్దుల బండ్ల మీద ఈ వాకిలిగుండానే లోపలికి వచ్చి ఉంటాయి. పసుపు, కుంకుమ, నూనె, వందల ఏళ్ల చేతుల స్పర్శ ఉన్న విగ్రహాలు. ఏటేటా రథమెక్కి వీధుల్లో తిరిగి, పెళ్లి చేసుకుని, పవళించిన దేవుళ్లు. వాటిని రాశి పోశారు. కింద నిప్పు పెట్టారు.

అన్నీ కరిగాయి. ఆ ఆరు మాత్రం కరగలేదు. మాయ్ ఎంత ప్రయత్నించినా, నవాబు ఎంత ఖర్చు పెట్టినా కరగలేదట. పూజారులు ఏదో మంత్రం వేశారని నవాబు వాళ్లను బెదిరించాడు. అవి ఎందుకు కరగలేదో లోహం తెలిసినవాళ్లు కారణాలు చెప్పవచ్చు. లోహాల పాళ్లు వేరై ఉండవచ్చు, కొలిమి వేడి చాలక పోయి ఉండవచ్చు. నేను ఆ వివరణల జోలికి పోను. ఆ పూజారుల గురించే ఆలోచిస్తాను. తమ దేవుడు నిప్పులో ఉన్నాడు. కరిగితే దేవుడు పోతాడు, కరగకపోతే తమ ప్రాణం పోతుంది. రెంటిలో వాళ్లు దేన్ని కోరుకున్నారో మనం చెప్పనక్కర్లేదు.

ఇంతా చేసి ఏమైంది? మాయ్ ఒక్క ఫిరంగి కూడా సరిగా పోయలేకపోయాడు. ఒకటి చీలింది, ఇంకొకటి అసంపూర్తిగా మిగిలింది. చివరికి మొత్తం పని వదిలేసి నవాబు కొలువు నుంచే వెళ్లిపోయాడు. అన్ని ఊళ్ల దేవుళ్లు కరిగి కోటకు ఒక ఫిరంగి కూడా మిగలలేదు.

మాధవరాయ స్వామి మూలవిరాట్టును ముందే దాటించారని, ఇప్పుడు మైదుకూరు గుడిలో పూజలందుకుంటున్నది ఆ స్వామేనని ఇక్కడివాళ్ల నమ్మకం. కోటలోని గర్భగుడి మాత్రం ఖాళీ. ఆ నాలుగు అంతస్తుల గోపురం కింద నుంచి, చెక్కిన స్తంభాల మధ్య నుంచి, చల్లని రాళ్ల మీద నడిచి లోపలికి పోతే చీకటి తప్ప ఏమీ లేదు. దూరం నుంచి ఎంత అందంగా కనిపిస్తుందో, గడప దగ్గర నిలబడితే అంత గుబులు పుడుతుంది. దీపం పెట్టే గూట్లో మసి లేదు.

తర్వాత కథ తొందరగా ముగుస్తుంది. మీర్ జుమ్లా తన సుల్తానుతోనే చెడి, మొగలాయిల పంచన చేరి, అస్సాం మీదికి దండెత్తి, తిరుగుదారిలో జబ్బుపడి 1663 మార్చి చివర్లో చనిపోయాడు. ఇక్కడికి ఎంతో దూరాన, గారో కొండల పక్కన మన్‌కచార్‌లో అతని సమాధి ఉంది. 1687లో గోల్కొండ పడింది. అక్కడా నెలల ముట్టడే, అక్కడా చివరికి రాత్రివేళ లోపలి మనిషి అబ్దుల్లా పానీ తలుపు తీశాడనే చెబుతారు. గండికోటను గెలిచిన రాజ్యం గండికోట లాగే పోయింది. ఆపైన మొగలాయిలు, కడప నవాబులు, హైదరు, టిప్పు. 1791లో కుంపిణీ కెప్టెన్ లిటిల్ ఈ కోటను పట్టుకున్నాడు. 1800లో నిజాం ఈ సీమనంతా కుంపిణీకి దత్తం చేశాడు. అక్కడితో కోటకు పని లేకుండా పోయింది. సిపాయిలు పోయారు. వాకిలి మాత్రం తెరిచి ఉండిపోయింది.

పెమ్మసాని వాళ్లలో కొందరు దక్షిణానికి వలసపోయారు. తిరునెల్వేలి వైపు కురివికుళం, ఇలైయరసనేందల్ జమీందార్లది ఆ ఇంటిపేరే. తెలుగు అక్కడ ఇంట్లో మిగిలిన భాష. ఇంటిపేరుతో పాటు గండికోట కూడా ఆ ఇళ్లలో ఇంకా వినిపిస్తూ ఉంటుందనే నేను నమ్ముతాను.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి అవ్వ కందులు మూటకట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. జామియా మసీదు మినార్ల నీడ పొడుగ్గా నేల మీద పడింది. మసీదు, ధాన్యాగారం, గుడి, చెరసాల, అన్నీ ఇక్కడ కూతవేటు దూరంలోనే. ఓడినవాళ్లు కట్టినవి, గెలిచినవాళ్లు కట్టినవి ఇప్పుడు ఒకే ఎండకు ఎండుతున్నాయి.

"సూసినావా నాయనా?"

"చూసినా అవ్వా."

తన కోడలి పుట్టిల్లు తాళ్లప్రొద్దుటూరని చెప్పింది. గండికోట జలాశయం వెనక నీళ్లలో మునిగిన ఊరు. 2020లో నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు కోడలు ఇక్కడికి వచ్చి నెల రోజులు మాట్లాడలేదట. "ఊరు పోతే ఎట్లుంటాదో మాకు తెల్సు," అంది అవ్వ. అంటూ తన అరచెయ్యి పక్కనున్న కోట గోడ మీద వేసింది. పశువు ఒంటి మీద చెయ్యి వేసినట్టు వేసింది.

ఆ గోడ మీదే, ఆమె చేతికి మూరెడు దూరంలో, ఎవరో గులకరాయితో రెండు పేర్లు చెక్కి మధ్యలో గుండె బొమ్మ గీశారు. గర్భగుడి స్తంభాల మీదా అంతే. శిల్పి నెలల తరబడి చెక్కిన ఒక చిలుక మెడ మీద ఎవడిదో ఫోన్ నంబరు. ఆ ఫరంగీల గుండ్లు చేయలేని పని మనం తాళంచెవి మొనతో చేస్తున్నాం.

గండికోటకు వెళ్లండి. లోయ చూడండి, తప్పకుండా చూడండి. దాని ముందు వాకిలి దగ్గర ఒక అయిదు నిమిషాలు ఆగండి. ఆ రెండో ఫిరంగి ఏ బురుజు మీద నిలబడి ఉంటుందో వెతకండి. రాతి మీద పేరు చెక్కకండి. మాధవరాయ స్వామి గుడిలో దేవుడు లేడు కదా అని చెప్పులతో పోకండి. గడప దగ్గరే విడిచి లోపలికి పోండి.